జాయింటుకు పేరుంది, చేతికి లేదు

హైదరాబాద్ చరిత్ర రాసినవాళ్లకు ఇద్దరే ముస్లింలు కనిపించారు. ఒకడు నవాబు, ఇంకొకడు రజాకార్. ఒకడికి షేర్వాణీ తొడిగారు, ఇంకొకడికి తుపాకీ ఇచ్చారు. సినిమావాళ్లు మూడోవాణ్ని కలిపారు. వాడు వచ్చీరాని తెలుగు మాట్లాడి నవ్వించే సాయిబు. ఈ ముగ్గురిలో ఎవరూ కాని వాడొకడున్నాడు. లారీ కింద గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా పడుకుని, మొహం మీద రాలే మట్టికి కళ్లు చిట్లించుకుని, గ్రీజు గన్నుతో పని చేసేవాడు. రోడ్డు మీద పోయేవాళ్లకు వాడి కాళ్లే కనిపిస్తాయి. చరిత్రకారులకు అవి కూడా కనిపించలేదు.

వీడు చరిత్రలోకి రాకపోవడానికి కారణం ఏమీ చేయకపోవడం కాదు, చేసింది కాగితం మీదికి రాకపోవడం. కాగితం మీదికి రానిది చదువు కాదన్నారు. చదువు కాదు కాబట్టి తెలివి కాదన్నారు. అందుకని ఈ వ్యాసంలో మెకానిక్ పనంతా కాకుండా ఒక్క పని పట్టుకుంటున్నాను. ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లను చూసుకునే పని. చూసేవాళ్లకు ఇది గ్రీజు కొట్టడమే. పదేళ్ల పిల్లవాడికి మొదట ఇచ్చే పని కూడా ఇదే.

లారీకి ఇంజను ముందుంటుంది, తోసే చక్రాలు వెనకుంటాయి. మధ్యలో బండి పొడుగునా పోయే ఇనుప గొట్టమే ప్రొపెల్లర్ షాఫ్టు. గేర్ బాక్స్ ఛాసిస్‌కు బిగించి కదలకుండా వుంటుంది. వెనక ఇరుసు మాత్రం కమాన్ల మీద గుంటగుంటకూ లేచి పడుతుంటుంది. అంటే ఆ గొట్టం తిరుగుతూనే వంగాలి, వంగుతూనే తిరగాలి. ఆ సౌకర్యం చేసేది జాయింటు. రెండు పంగల యోక్‌లు ఎదురెదురుగా అడ్డంగా నిలిచి వుంటాయి. వాటి మధ్య కూడిక గుర్తులాంటి ఇనుప ముక్క, దాన్నే క్రాస్ అంటారు. క్రాస్‌కు నాలుగు కొనలు. ఒక్కో కొనకు ఒక టోపీ. టోపీ లోపల చుట్టూ సూదుల్లాంటి సన్నని రోలర్లు. పది టన్నుల సరుకుతో ఘాట్ ఎక్కే బండి బలమంతా ఈ నాలుగు వేళ్ల మీదుగా పోతుంది. ఆ సూదులకూ క్రాస్‌కూ మధ్య వుండేది పల్చటి గ్రీజు పొర. అది ఆరిపోతే ఇనుము ఇనుమును తింటుంది.

గ్రీజు కొట్టడానికి క్రాస్ మీద ఒక నిప్పిల్ వుంటుంది. మొదట దాన్ని గుడ్డతో తుడవాలి. తుడవకుండా గన్ను పెడితే గ్రీజు కంటే ముందు మట్టి లోపలికి పోతుంది. తర్వాత మెల్లగా పంపు కొట్టాలి. నాలుగు టోపీల సీళ్ల అంచుల నుంచీ పాత గ్రీజు బయటికి రావాలి. నల్లగా వచ్చేది పోయి కొత్త రంగు కనిపించేదాకా కొట్టాలి. ఇక్కడే ఉస్తాద్‌కూ కొత్తవాడికీ తేడా తెలుస్తుంది. మూడు వైపుల నుంచి గ్రీజు వచ్చింది, నాలుగోవైపు నుంచి రాలేదు. కొత్తవాడు గన్ను పక్కన పెట్టి లేస్తాడు. ఉస్తాద్ లేవడు. రాని ఆ నాలుగో టోపీలో దారి మూసుకుపోయిందనీ, అది ఎండి వుందనీ, బండిని రోడ్డు మీద ఆపేది అదేననీ ఆయనకు తెలుసు. షాఫ్టును చేత్తో తిప్పి, ఆ టోపీ మీద బరువు తగ్గేటట్టు చేసి మళ్లీ కొడతాడు. అప్పటికీ రాకపోతే సర్‌క్లిప్పులు తీసి జాయింటు విప్పుతాడు.

విప్పకముందే సగం రోగం తెలుస్తుంది. టోపీ చుట్టూ తుప్పు రంగు పొడి కనిపిస్తే లోపల గ్రీజు లేనట్టే. బండి మెల్లగా పోతున్నప్పుడు పిచ్చుక కూతలాంటి చప్పుడు వస్తే జాయింటు ఎండుతోందని గుర్తు. క్లచ్ వదలగానే 'ఠంగ్' మని కొడితే సూదులు అరిగి సందు వచ్చింది. బండి వాగు దాటి వస్తే, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న లెక్కతో పని లేదు. నీళ్లు లోపలుండగానే కొత్త గ్రీజుతో వాటిని బయటికి నెట్టాలి. పొడవు లారీకి షాఫ్టు రెండు ముక్కలుగా వుంటుంది, మధ్యలో రబ్బరు పొదిగిన సెంటర్ బేరింగు. ఆ రబ్బరు చినిగితే వణుకు బండంతా పాకుతుంది. అప్పుడు డ్రైవరు చక్రాల మీద అనుమానపడతాడు. మిస్త్రీ షాఫ్టును పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూస్తాడు.

ఒక విచిత్రం చెప్పాలి. ఈ జాయింటు ఏ వంపూ లేకుండా పూర్తి నిటారుగా తిరిగినా చెడుతుంది. వంపు వుంటేనే సూదులు అటూ ఇటూ దొర్లుతాయి. లేకపోతే ఒకేచోట నిలబడి క్రాస్ మీద గాళ్లు కోస్తాయి. అందుకే బండి తయారుచేసేవాళ్లే ఒక చిన్న వంపు కావాలని వుంచుతారు. విప్పిన క్రాస్ కొనను గోటితో గీకి ఆ గాళ్లను చూపించే మిస్త్రీలు మన ఊళ్లలో ఎంతోమంది. గోరు తట్టుకుంటే క్రాస్ పనికిరాదు. అదే వాళ్ల కొలబద్ద.

ఇక షాఫ్టు దించేముందు ఉస్తాద్ చేసే మొదటి పని చూడండి. ఛేనీ తీసుకుని, హతోడీతో జారుడు కీలుకు అటొకటి ఇటొకటి గాటు పెడతాడు. మళ్లీ ఎక్కించేటప్పుడు ఆ రెండు గాట్లూ కలవాలి. ఒక్క పన్ను పక్కకు ఎక్కినా బండి వణుకుతుంది. ఎందుకని అడిగితే, ఉస్తాద్ అట్లా నేర్పిండు అంటాడు. ఆ గాటు వెనక మూడున్నర శతాబ్దాల గణితం వుంది.

వంగిన జాయింటు సమంగా తిరగదు. ఇంజను వైపు ఒకే వేగంతో తిప్పుతున్నా అవతలి వైపు ఒక చుట్టులో రెండుసార్లు పరుగెత్తుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. 1664లో గాస్పర్ షాట్ అనే జర్మన్ జెసూట్ పండితుడు ఈ జాయింటు గురించి రాస్తూ రెండువైపులా ఒకే వేగం వుంటుందన్నాడు. అది తప్పని ఇంగ్లండులో రాబర్ట్ హుక్ తేల్చాడు. సూర్యుణ్ని చూసే యంత్రాల మీద 1676లో వచ్చిన అతని పుస్తకంలో ఈ జాయింటు వుంది. యూనివర్సల్ జాయింట్ అనే పేరు హుక్ పెట్టిందే. ఒక జాయింటు చేసిన తప్పును రెండో జాయింటు దిద్దాలంటే రెండింటి వంపూ సమానంగా వుండాలి, షాఫ్టుకు రెండు కొనల్లో వున్న యోక్‌లు ఒకే వరసలో నిలవాలి. మిస్త్రీ ఛేనీ గాటు కాపాడేది ఆ వరసనే. హుక్ పేరు వినకుండానే వాడు హుక్ లెక్కను ఇనుము మీద రాస్తున్నాడు.

ఈ జాయింటుకు ఇంగ్లండులో హుక్ పేరు, యూరప్‌లో చాలాచోట్ల కార్డన్ పేరు. కార్డన్ అంటే ఇటలీకి చెందిన వైద్యుడు, గణితవేత్త జిరోలామో కార్డానో. 1550లో వచ్చిన తన పుస్తకంలో, ఎటు ఒరిగినా మధ్యలోది నిలకడగా వుండే వలయాల అమరికను వర్ణించాడు. తాను కనిపెట్టానని అతను చెప్పుకోలేదు. ఆ వలయాలు అతని కంటే చాలా పాతవి. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో బైజాంటియం ఫిలో అనే గ్రీకు యంత్రకారుడు ఎటు తిప్పినా ఒలకని సిరాబుడ్డి గురించి రాశాడంటారు. ఆ మాట మనదాకా వచ్చింది అరబ్బీ అనువాదం ద్వారానే. మూల గ్రంథంలో అది లేదనీ, అరబ్బీలోనే చేర్చారేమోననీ కొందరు పండితులు అనుమానపడ్డారు. ఇక్కడ మనవాళ్లలో కొందరు వెంటనే జేబులోంచి ఒక చిట్టా తీస్తారు. ప్రతి యంత్రమూ ముసల్మాన్లు కనిపెట్టిందేనని జల్సాల్లో చెప్పే చిట్టా అది. నాకు దానితో పని లేదు. ఎవరు ముందు కనిపెట్టారన్న పోటీలో గెలిచినా, లారీ కింద పడుకున్నవాడి కూలి ఒక్క రూపాయి పెరగదు.

నాకు పనికొచ్చే అరబ్బీ పుస్తకం వేరే వుంది. 1206లో దియార్‌బకిర్‌లో అర్తుఖీ సుల్తానుల కొలువులో పనిచేసిన అల్ జజరీ రాసింది. జాయింటు అతనిది కాదు. నీళ్లు తోడే అతని యంత్రాల్లో క్రాంకు వుంది. అసలు విశేషం రాసిన తీరులో వుంది. ఏ లోహం, ఎంత మందం, ఏ ముక్క తర్వాత ఏ ముక్క బిగించాలి అని, తర్వాతి పనివాడు చేసుకోవడానికి వీలుగా బొమ్మలు గీసి రాశాడు. చేత్తో పని చేసినవాడే కలం పట్టాడు. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా అతని పేరు నిలిచింది అందుకే. మన ఉస్తాద్‌లకు దొరకనిది తెలివి కాదు, ఆ కలం.

మోటారు బండికి ఈ జాయింటు పనికొచ్చేటట్టు చేసినవాడు అమెరికన్ క్లారెన్స్ స్పైసర్. అప్పట్లో చాలా కార్లు సైకిల్లాగా గొలుసుతో నడిచేవి. స్పైసర్ 1903లో జాయింటుకు పేటెంటు తీసుకున్నాడు, మరుసటి ఏడాది తయారీ మొదలుపెట్టాడు. అతని పేరు ఇప్పటికీ డబ్బాల మీద వుంది. గ్రీజు కొట్టే నిప్పిల్‌కు కూడా ఆస్కార్ జెర్క్ అనే ఇంజనీరు పేరు వుంది. ఒక్క జాయింటు చుట్టూ ఇంతమంది పేర్లు. కొట్టే చేతికి మాత్రం లేదు.

ఇక మన నేల మీదికి వద్దాం. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని మొదలుపెట్టింది. 27 బస్సులు, 166 మంది పనివాళ్లు. బస్సులు స్కాట్లాండులో తయారైన ఆల్బియన్లు. తర్వాత 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు మూలం ఇదే. ఆ బస్సుల గురించి మనకొక కథ బాగా తెలుసు. నంబరు ప్లేటు మీది 'జడ్' అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరుకు గుర్తు అంటారు. బస్సు చరిత్రలో తల్లి పేరు దొరికింది, రాజు పేరు దొరికింది, గ్లాస్గో కంపెనీ పేరు దొరికింది. 166లో బస్సు కిందికి దూరినవాళ్లు మాత్రం అంకెగానే మిగిలారు. ఆ కాలపు బండికి గ్రీజు కొట్టాల్సిన చోట్లు పదుల్లో వుండేవి. తెలంగాణ కంకర రోడ్ల మీద, దుమ్ములో, ఒర్రెల్లో ఆ బస్సు మర్నాడు కదలాలంటే రాత్రిపూట ఎవరో ఒకరు దాని కింద పడుకోవాల్సిందే.

అదే హైదరాబాద్‌లో 1917లో దారుల్ తర్జుమా పెట్టారు. ఉస్మానియాలో పాఠాలు ఉర్దూలో చెప్పడం కోసం ఇంగ్లీషు పుస్తకాలు అనువదించారు, శాస్త్ర పదాలు పుట్టించారు. 1929లో ఇంజనీరింగ్ కాలేజీ కూడా వచ్చింది. దేశభాషలో పై చదువు అన్నది ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు, దాన్ని తక్కువ చేయను. కానీ ఆ ఉర్దూ మేడ మీది ఉర్దూ. అరబ్బీ, పారసీ ధాతువుల నుంచి చెక్కిన మాటలు కార్ఖానాలోకి దిగలేదు. కార్ఖానాలో వేరే భాష తయారైంది. పానా, ఛేనీ, హతోడీ, పేచ్‌కస్, మరమ్మతు, ఉస్తాద్, షాగిర్ద్, వాటి పక్కనే గ్రీజు, నిప్పిల్, క్రాస్. ఈ భాష ఒక్క ముస్లింది కాదు. నల్గొండ నుంచి వచ్చిన మాదిగ పిల్లవాడైనా, కమ్మరి పిల్లవాడైనా అదే నేర్చుకున్నాడు. తెలుగు మాతృభాషగా వున్నవాళ్లు కూడా 'ఉస్తాద్' అని పిలిచే చోటు ఇదొక్కటే. ఉర్దూ పరాయి భాష అనేవాళ్లు తమ బండిని మరమ్మతుకు ఇచ్చినప్పుడు ఏ మాట వాడుతున్నారో గమనించుకోరు.

1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా పోలీస్ యాక్షన్ జరిగింది. ఆ తర్వాత జరిగిన హత్యాకాండ మీద సుందర్‌లాల్ కమిటీ నివేదిక 2013లో గానీ జనానికి అందుబాటులోకి రాలేదు. చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా వుంటారని అందులో అంచనా. నిజాం సైన్యం రద్దయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దార్ల సంగతి వదిలేద్దాం, వాళ్లకు పరిహారం దొరికింది. వాళ్ల దేవిడీల్లో పనిచేసినవాళ్లకూ, సిపాయిలకూ, చిన్న నౌకర్లకూ ఏం దొరికింది? సాగు చేసుకోవడానికి భూమి లేదు. కొత్త సర్కారు కొలువుకు పనికొచ్చే ఇంగ్లీషు లేదు. ఉస్మానియాలో ఉర్దూ మీడియం పోయింది. వున్న ఒక్క చదువూ రాత్రికి రాత్రి నిరక్షరాస్యత అయింది. మిగిలింది చేతులు. రిక్షా, కుట్టుమిషను, బీడీ, కార్ఖానా.

అప్పుడే రెండో ప్రపంచ యుద్ధంలో మిగిలిన మిలటరీ జీపులు, లారీలు వేలంలో అమ్ముడై దేశమంతటా రోడ్ల మీదికి వచ్చాయి. జీపుకు నాలుగు చక్రాలూ తోసేవే కాబట్టి షాఫ్టులు కూడా రెండు. మాన్యువల్ చదవగలిగినవాళ్లు లేరు, స్పేర్ పార్టులు దొరకవు. ఒక జీపు విప్పి ఇంకో జీపును బతికించారు. లేలాండ్ లారీ, 1954లో టాటా మెర్సిడెస్ బెంజ్ లారీ వచ్చేసరికి రాణిగంజ్‌లోనూ, జిల్లా కేంద్రాల్లో బస్టాండు వెనక వీధుల్లోనూ ఒక తరం తయారై వుంది. కోస్తాకు పోతే కథ వేరే. అక్కడ నిజామూ లేడు, నవాబూ లేడు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే వడ్రంగులు, కమ్మరులు, అన్ని కులాల మెకానిక్కులు పక్కపక్కన వున్నారు. మెకానిక్ పని మొత్తం ముస్లింలదే అని నేను అనడం లేదు, అది అబద్ధం. భూమి లేకపోయినా, సర్టిఫికెట్ లేకపోయినా, కులం అడగకుండా లోపలికి రానిచ్చిన పని ఇది. అందుకే మనవాళ్లు ఇంతమంది ఇందులో తేలారు. 2006లో సచార్ కమిటీ కూడా ముస్లింలు ఎక్కువగా వున్న పనుల్లో మోటారు వాహనాల మరమ్మతును చెప్పింది.

ఉస్తాద్ షాగిర్ద్ సంబంధాన్ని పొగుడుతూ రాయడం నాకు చేతకాదు. చేతిలో వున్న పానాతోనే షాగిర్ద్ వీపు మీద కొట్టిన ఉస్తాద్‌లున్నారు. జీతం అడిగితే పని నేర్పుతున్నా కదా అన్నవాళ్లున్నారు. బడికి పోవాల్సిన వయసులో కిరోసిన్‌తో బేరింగులు కడిగిన పిల్లల వేళ్ల మధ్య చర్మం ఎట్లా పగులుతుందో ముస్లిం బస్తీల్లో అందరికీ తెలుసు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోరాదని 2016లో చట్టం గట్టిపడింది. అయినా షట్టరు సగం దించి చేయించుకుంటున్నారు. ఇంకో సంగతి. ఆ గ్రీజు బట్టలు ఎవరు ఉతికారు? సబ్బుకు పోని మరకను కిరోసిన్ పూసి, బండకు బాది, మర్నాటికి ఆరబెట్టిన అమ్మీల చేతులు కూడా ఈ మరమ్మతులో భాగమే. కార్ఖానాలో ఆడమనిషి లేదంటే ఈ పనిలో ఆడమనిషి లేదని కాదు.

2007లో ముస్లింలలో వెనకబడిన వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. ఆ జాబితా చదివితే ఒక సంగతి తడుతుంది. అత్తరు సాయిబులున్నారు, ధోబీ ముస్లింలున్నారు, హజామ్‌లున్నారు, ఖురేషీలున్నారు. దూదేకులవాళ్లు అంతకు ముందే బీసీల్లో వున్నారు. తాతల నాటి పనులన్నిటికీ ఒక పేరు, ఆ పేరుకొక గుర్తింపు దొరికింది. మోటారుతో వచ్చిన పనికి అట్లాంటి పేరు లేదు. మిస్త్రీ అన్నది కులం కాలేదు, డిగ్రీ కూడా కాలేదు. తూలనాడటానికి మాత్రం పేరు దొరికింది. పంక్చర్లు వేసేవాళ్లు అనే ఎకసెక్కం ఈ పదేళ్లలో ఫోన్లలో తిరిగి తిరిగి మామూలు మాటైపోయింది. 2025 ఏప్రిల్‌లో హిసార్ సభలో ప్రధానమంత్రి వక్ఫ్ గురించి మాట్లాడుతూ, ఆ ఆస్తులను నిజాయితీగా వాడి వుంటే ముస్లిం యువకులు పంక్చర్లు వేసి బతకాల్సిన అవసరం వుండేది కాదన్నారు. వక్ఫ్ ఆస్తులు తిన్నవాళ్లు మనలోనూ వున్నారు, ఆ మాట మనమే ముందు అనాలి. పంక్చర్ వేయడం సిగ్గుపడాల్సిన పని అని ఎవరు తేల్చారు? టైరు గాలి పోయినప్పుడు ఆ సిగ్గు ఎక్కడికి పోతుంది?

ఇప్పుడు జాయింటు కూడా మారుతోంది. కొత్త బండ్లలో చాలావాటికి నిప్పిల్ వుండదు. ఫ్యాక్టరీలోనే గ్రీజు నింపి మూసేస్తారు, చెడినప్పుడు మొత్తం మార్చేస్తారు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చేరాలంటే ఐటీఐ కాగితం కావాలి. ముప్పై ఏళ్లు ఈ పని చేసిన మా బంధువొకాయన ఒక సర్వీస్ సెంటర్‌కు పోతే వాచ్‌మన్ పని వుందన్నారు. ఉర్దూ యూనివర్సిటీ 1998లో వచ్చింది, తర్వాత అందులో పాలిటెక్నిక్, ఐటీఐ కూడా పెట్టారు. ఉస్మానియాలో ఉర్దూ పోయినప్పటి నుంచి లెక్కేస్తే యాభై ఏళ్లు. ఆ యాభై ఏళ్లలో పని నేర్చుకున్నవాళ్లకు కాగితం ఎవరిస్తారు? చేతిపనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పథకాలు సర్కారు కాగితాల్లో వున్నాయి. అవి కార్ఖానా షట్టరు దాకా రావాలి. వాటి కోసం అడగాల్సింది మనమే. మసీదు కమిటీలు మీనారుకు రంగు వేయించడానికి వసూలు చేసే చందాలో కొంత ఇటు పెట్టినా తప్పు లేదు.

ముందు చక్రాలు లాగే కార్లలో పొడుగు షాఫ్టు లేనే లేదు. వాటికి పొట్టి షాఫ్టులు, 1920లలో ఆల్ఫ్రెడ్ జెప్పా చేసిన గుండ్ల జాయింటు. వంగినా సమంగానే తిరుగుతుంది కాబట్టి ఛేనీ గాటు అక్కర్లేదు. కరెంటు కార్లకు కూడా ఇవే. ఇంజను పోయింది, గేర్లు తగ్గాయి, గ్రీజు మాత్రం పోలేదు. జాయింటు మీద మడతల రబ్బరు తొడుగు వుంటుంది, లోపల మాలిబ్డినం కలిపిన నల్లటి గ్రీజు. రాయి తగిలి తొడుగు చినిగితే గ్రీజు చక్రం లోపలంతా చిమ్ముతుంది, దుమ్ము లోపలికి పోతుంది. మలుపు తిప్పినప్పుడు టక్ టక్ మని చప్పుడు వస్తుంది. చప్పుడు మొదలు కాకముందే పట్టుకుంటే తొడుగు, గ్రీజు మారిస్తే సరిపోతుంది. ఆలస్యమైతే షాఫ్టే మార్చాలి. పట్టుకోవాలంటే ఎవరో ఒకరు బండి కిందికి వంగి, చక్రం వెనక వేలు పెట్టి చూడాలి.